మాత్ర మోతాదు మారలేదు.. మరి రక్తంలో మందు ఎలా పెరిగింది?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. గుండె దడ అదుపులో ఉండటానికి నాలుగేళ్లుగా డిగాక్సిన్ వాడుతున్నారు. ఈమధ్య ఛాతీలో ఇన్ఫెక్షన్ వస్తే వేరే డాక్టర్ క్లారిత్రోమైసిన్ రాశారు. నాలుగో రోజు నుంచి వికారం, వాంతులు, విపరీతమైన నీరసం. నాడి బాగా నెమ్మదించింది. ఆసుపత్రిలో చేర్పిస్తే రక్తంలో డిగాక్సిన్ ఎక్కువైందన్నారు. కానీ ఆయన వేసుకున్నది రోజూ వేసుకునే మాత్రే. నేనే దగ్గరుండి ఇచ్చాను. నా పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. తుమ్ములకు ఫెక్సోఫెనడిన్ 120 మి.గ్రా. వేసుకుంటున్నా గుణం కనిపించడం లేదు. మాత్ర గొంతు దిగక రోజూ నారింజ రసంతో మింగుతాను. నాన్నగారిని డిశ్చార్జ్ చేసేటప్పుడు ‘ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్ల వల్ల ఇలా జరిగింది’ అన్నారు. అదేంటో అర్థం కాలేదు. ఇప్పుడాయన కీళ్ల నొప్పులకు కర్క్యుమిన్, మిరియాల సారం కలిపిన క్యాప్సూల్స్ మొదలుపెడతానంటున్నారు. ప్రకృతిసిద్ధమైనవే కదా, వాడొచ్చా? - ఒక పాఠకురాలు

సమాధానం: మాత్ర ఇవ్వడంలో నేనే పొరబడ్డానేమో అన్న దిగులు మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ముందు అది వదిలేయండి. మీరు ఇచ్చిన మాత్ర సరైనదే. రెండో మందు వచ్చాక, ఆ మాత్రలోంచి ఒంట్లో నిలిచిన మందు పెరిగిపోయింది. మీ విషయంలో మాత్ర పేగు దాకా వెళ్లింది గానీ రక్తంలోకి సరిగ్గా చేరలేదు. రెండింటికీ మూలం ఒక్కటే.

మాత్ర కడుపులో కరిగితే చాలు, నీళ్లలో చక్కెరలా రక్తంలో కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మన ప్రతి కణానికీ చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. కొన్ని మందులు దాంట్లోంచి వాటంతటవే జారిపోతాయి. చాలావాటికి మాత్రం ఆ పొరలో ఉండే ప్రొటీన్ల సాయం కావాలి. వీటినే ట్రాన్స్‌పోర్టర్లు అంటాం. లోపలికీ బయటికీ సరుకు చేరవేసే ఎస్‌ఎల్‌సీ అనే పెద్ద కుటుంబానికి మనలో 400కు పైగా జన్యువులున్నాయి. ఏబీసీ అనే ఇంకో కుటుంబానికి ఉన్నవి యాభై లోపే. మనుషుల్లో ఇవి ఎక్కువగా బయటికి తోసే పనిలో ఉంటాయి. వీటిలో ఏదీ మందుల కోసం పుట్టింది కాదు. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, పైత్యరస లవణాలు, విటమిన్ల లాంటివి మోయడం, పనికిరానివి బయట పడేయడం వీటి అసలు పని. మందు ఆ బండిలో టికెట్ లేకుండా ఎక్కేసిన ప్రయాణికుడన్నమాట.

మీ నాన్నగారి విషయంలో కథంతా ఏబీసీ కుటుంబానికే చెందిన పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపుది. దీన్ని 1976లో కెనడాలో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. కొల్చిసిన్ అనే విషానికి లొంగని కణాలు ఆ విషాన్ని లోపలికి ఎందుకు రానివ్వడం లేదని వెతుకుతుంటే ఇది బయటపడింది. పేగు లోపలి గోడలో ఒక కణాన్ని దగ్గరగా చూస్తున్నారనుకోండి. డిగాక్సిన్ అణువు కణం అంచులోని కొవ్వు పొరలోకి దూరుతుంది. ఆ పొరలోనే కూర్చున్న పంపు దాన్ని పక్కనుంచి పట్టుకుంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి తన ఆకారం మార్చుకుంటుంది. అప్పటిదాకా లోపలివైపు తెరుచుకున్న నోరు బయటివైపు తెరుచుకుంటుంది. అణువు వచ్చిన దారినే మళ్లీ పేగులో పడుతుంది. అన్నీ ఇలా వెనక్కి పోవు, కొన్ని తప్పించుకుని రక్తంలోకి వెళ్తాయి. డాక్టర్లు రాసే మోతాదు, కొంత ఇలా పోతుందని లెక్కగట్టి ఖరారు చేసిందే.

ఇదే పంపు కిడ్నీలోనూ ఉంది. డిగాక్సిన్ చాలావరకు మార్పు చెందకుండా మూత్రంలోనే పోతుంది, ఆ పనిలో ఈ పంపుకీ వాటా ఉంది. క్లారిత్రోమైసిన్ వచ్చి ఈ పంపులకు అడ్డం పడింది. దాంతో పేగు వెనక్కి తోయాల్సింది తోయలేదు, కిడ్నీ బయటికి పంపాల్సింది పంపలేదు. రాబడి పెరిగింది, ఖర్చు తగ్గింది. (కొందరి పేగుల్లో డిగాక్సిన్‌ను నిర్వీర్యం చేసే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. యాంటీబయాటిక్ దాన్నీ చంపేస్తుంది. అది వేరే కోణం.)

వేరే మందైతే ఈ తేడాను శరీరం సర్దుకునేదేమో. డిగాక్సిన్ అలా కాదు. దీన్ని మైక్రోగ్రాముల్లో ఇస్తాం. 250 మైక్రోగ్రాముల మాత్ర అంటే గ్రాములో 4,000వ వంతు. మేలు చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య దూరం చాలా తక్కువ. క్లారిత్రోమైసిన్ ఒక్కటే కాదు, అమియోడరోన్, వెరపమిల్, క్వినిడిన్, ఇట్రాకొనజోల్, సైక్లోస్పోరిన్ కూడా డిగాక్సిన్‌ను పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి రివర్స్. అది పంపుల సంఖ్యనే పెంచి, మందును తగ్గిస్తుంది.

ఇదంతా చదివి ఆ పంపును తిట్టుకోకండి. మెదడు రక్తనాళాల గోడల్లో ఇది కాపలా ఉండబట్టే విరేచనాలకు వాడే లోపెరమైడ్ మత్తెక్కించదు. రసాయనపరంగా లోపెరమైడ్ నల్లమందు జాతిదే! మామూలు మోతాదులో వేసుకుంటే మెదడు గుమ్మం దగ్గరే ఈ పంపు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ పంపు జన్యువులో లోపం ఉంటుంది. మిగతా కుక్కలు తట్టుకునే ఐవర్‌మెక్టిన్ మోతాదే వాటికి ప్రాణం మీదకు తెస్తుంది.

ఇక మీ తుమ్ముల మాత్ర. ఫెక్సోఫెనడిన్ పేగులోంచి రక్తంలోకి వెళ్లడానికి లోపలికి లాగే ట్రాన్స్‌పోర్టర్లు కావాలి. వాటిని ఓఏటీపీలు అంటారు. నారింజ, యాపిల్, గ్రేప్‌ఫ్రూట్ రసాల్లోని కొన్ని సహజ పదార్థాలు వాటిని అడ్డుకుంటాయి. 300 మి.లీ. గ్రేప్‌ఫ్రూట్ రసంతో ఈ మాత్ర ఇచ్చి చూసిన పరిశోధనలో రక్తంలోకి చేరిన మందు దాదాపు 40 శాతం తగ్గింది. పళ్లరసంతో వేసుకోవద్దని ఈ మందు వివరాల కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం మడత విప్పేవాళ్లు ఎంతమంది? రోగుల్ని ‘ఏ మందులు వాడుతున్నారు’ అని అడిగితే చెప్తారు గానీ, ‘దేంతో వేసుకుంటారు’ అని అడగడం మాకూ గుర్తుండదు. మా వైపూ ఆ తప్పుంది. గ్రేప్‌ఫ్రూట్‌తోనే ఇంకో తిరకాసు ఉంది. బీపీకి వాడే ఫెలోడిపిన్‌ను ఈ రసం తగ్గించదు, పెంచుతుంది. దానికి కారణం ట్రాన్స్‌పోర్టర్లు కాదు, పేగు గోడలో ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ దెబ్బతినడం.

క్యాప్సూల్స్ గురించి అడిగారు. ‘ప్రకృతిసిద్ధం’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు డిగాక్సినే గుర్తొస్తుంది. అదీ మొక్కలోంచి వచ్చిందే. ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకుల గురించి విలియం వితరింగ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1785లోనే పుస్తకం రాశాడు. ఎంత మేలో, మోతాదు దాటితే ఎంత ప్రమాదమో రెండూ చెప్పాడు. అణువు ఆకులోంచి వచ్చిందా, ఫ్యాక్టరీలోంచి వచ్చిందా అన్నది పంపుకి పట్టదు. డిప్రెషన్‌కు కొందరు సొంతంగా వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కూడా రిఫాంపిసిన్ లాగే పంపుల్ని పెంచి డిగాక్సిన్‌ను తగ్గిస్తుంది.

కర్క్యుమిన్ ఒక్కటే మింగితే ఒంటికి పట్టేది చాలా తక్కువ. అందుకే తయారీదారులు మిరియాల్లోని పైపరిన్‌ను కలుపుతారు. మందుల్ని మార్చేసే ఎంజైమ్‌లను అది మందగింపజేస్తుంది. ప్రయోగశాలలో చూస్తే మనం చెప్పుకుంటున్న పంపునూ అడ్డుకుంటుంది. పంపు నెమ్మదించినప్పుడు దాని దగ్గర కర్క్యుమిన్ ఉందా, డిగాక్సిన్ ఉందా అని తేడా ఉండదు కదా. వంటలో పడే మిరియాల గురించి టెన్షన్ వద్దు. క్యాప్సూల్‌లో వచ్చే గాఢమైన సారం సంగతి వేరు. అది మీ నాన్నగారికి కచ్చితంగా హాని చేస్తుందని నేననడం లేదు. కానీ ఇప్పుడే ఒక గండం గడిచిన మనిషి మీద ఆ ప్రయోగం ఎందుకు? నా సలహా: వద్దు. కీళ్ల నొప్పులకు ముందు పారాసిటమాల్ గురించి ఆయన గుండె డాక్టర్‌ను అడగండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొని వాడొద్దు. అవి కిడ్నీ పనితీరు తగ్గిస్తే డిగాక్సిన్ మళ్లీ పేరుకుపోతుంది.

ఆయన కోలుకున్నాక కూడా కిడ్నీ పరీక్ష, పొటాషియం, డిగాక్సిన్ స్థాయి డాక్టర్ చెప్పిన వ్యవధిలో చూపించండి. డిగాక్సిన్ పరీక్షకు రక్తం మాత్ర వేసుకున్నాక కనీసం ఆరు గంటలు ఆగి ఇవ్వాలి, ముందే ఇస్తే లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. తిండి చూస్తే వికారం, వస్తువులు పచ్చగా లేదా పసుపుగా కనిపించడం, తికమక, నాడి 60 కంటే తగ్గడం - వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. స్పృహ తప్పినా, బాగా తూలిపోతున్నా ఫోన్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఏ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినా మందుల పేర్లు చెప్పడం కాదు, డబ్బాలన్నీ సంచీలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి.

మీరు రేపటి నుంచి ఫెక్సోఫెనడిన్‌ను నీళ్లతో వేసుకోండి. రసం మానక్కర్లేదు, మాత్రకూ దానికీ నాలుగు గంటలు ఎడం ఉంచండి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు కూడా దీన్ని తగ్గిస్తాయి కాబట్టి వాటినీ మాత్రకు దగ్గరగా తీసుకోవద్దు. వారం రోజులైనా తుమ్ములు తగ్గకపోతే తప్పు రసానిది కాదు. అప్పుడు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. మాత్ర నీళ్లతో బొత్తిగా దిగకపోతే ఇదే మందు సిరప్‌లా కూడా వస్తుంది, అడిగి రాయించుకోండి.