విండో తెరిచి ఉండగానే బటన్ మార్చొచ్చు

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. మినీ ప్రాజెక్టు కోసం పైథాన్‌లో టీకింటర్ (విండోలు, బటన్లు తయారుచేసే సాధనం) వాడి లైబ్రరీ పుస్తకాల ఎంట్రీ ఫారం చేస్తున్నాను. బటన్ కాస్త పక్కకు జరపాలన్నా ఫైల్ మార్చి, సేవ్ చేసి, రన్ చేసి, చూసి, మూసి, మళ్లీ మార్చి... దీంతోనే రాత్రి ఒంటిగంట దాటుతోంది. షెల్‌లో (కొట్టిన లైన్‌ను వెంటనే అమలు చేసి చూపే చోట) ఒక్కో లైన్ కొట్టి చూడమని మా సీనియర్ చెప్పాడు. అలాగే చేశాను, మెయిన్‌లూప్ లైన్ దగ్గరికి రాగానే షెల్ బిగుసుకుపోయింది. ఎక్కడ తప్పు చేశాను?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ సీనియర్ సలహా మంచిదే, కాకపోతే సగమే చెప్పాడు. షెల్‌లో ప్రయోగాలు చేసేటప్పుడు ఆ మెయిన్‌లూప్ లైన్ కొట్టకూడదు. ఎవరు ఎక్కడ క్లిక్ చేశారు, ఏ కీ నొక్కారు అని విండో మూసేదాకా కాపలా కాసే లూప్ అది, అది తిరుగుతున్నంతసేపూ మీకు ప్రాంప్ట్ (తర్వాతి లైన్ కొట్టడానికి వచ్చే గుర్తు) తిరిగి రాదు. ఫైల్‌గా రన్ చేసేటప్పుడు అది తప్పనిసరి, లేకపోతే ప్రోగ్రాం అక్కడితో అయిపోయి విండో కూడా పోతుంది. పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ షెల్‌లో ఆ అవసరం లేదు, సెకనుకు దాదాపు 20 సార్లు అదే వెనకాల విండోను అప్‌డేట్ చేస్తూ ఉంటుంది. మామూలు టెర్మినల్‌లో విండో కనిపించకపోతే ఒకసారి రూట్.అప్‌డేట్() కొట్టండి. ఉబుంటు అయితే పైథాన్3-టీకే ప్యాకేజీ విడిగా వేసుకోవాల్సి రావచ్చు.

ఇప్పుడు ఐడిల్ తెరవండి. (కింద చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.) ఇంపోర్ట్ టీకింటర్ యాజ్ టీకే అని కొట్టి, తర్వాత రూట్ = టీకే.టీకే() అనండి. ఈ రెండో టీకేలో మొదటి అక్షరం క్యాపిటల్, చాలామంది తడబడేది ఇక్కడే. 200 పిక్సెళ్ల చదరంగా ఖాళీ విండో వస్తుంది. బి = టీకే.బటన్(రూట్, టెక్స్ట్="సేవ్") కొట్టండి, బటన్‌లో కూడా మొదటి అక్షరం క్యాపిటలే. ఏమీ కనిపించదు, కంగారు పడొద్దు: బటన్ తయారైంది గానీ దానికి ఇంకా చోటు చూపించలేదు. బి.ప్యాక్() అనగానే అంత విండో కాస్తా బటన్ చుట్టూ ముడుచుకుపోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఏదో పాడుచేశాననుకున్నాను, కానీ ప్యాక్ పద్ధతే అంత, లోపలి సరుకు ఎంతుంటే విండో అంత.

ఇక బి["టెక్స్ట్"] = "పుస్తకం వివరాలు సేవ్ చేయి" అని కొట్టి చూడండి, విండో మూయకుండానే బటన్ మీ కళ్లముందే వెడల్పవుతుంది. బి.ప్యాక్(ప్యాడ్‌ఎక్స్=40) అని మళ్లీ కొడితే పక్కల ఖాళీ వస్తుంది, 40 ఎక్కువనిపిస్తే పై బాణంతో పాత లైన్ మీదికెళ్లి ఎంటర్ నొక్కండి, అది కిందికొస్తుంది, 15 చేసి చూడండి. బి.కీస్() అంటే ఆ బటన్‌లో మార్చగలిగినవన్నీ జాబితాగా వస్తాయి, దానికోసం పుస్తకం వెతకక్కర్లేదు. రంగు మాత్రం మ్యాక్‌లో మారకపోవచ్చు, అక్కడ బటన్లు ఆ సిస్టమ్ సొంత రూపంలోనే ఉంటాయి.

షెల్‌లో అసలు లాభం తప్పు చేసిన క్షణంలోనే తెలిసిపోవడం. బటన్ తయారుచేసి అదే లైన్ చివర .ప్యాక్() తగిలించారనుకోండి, బటన్ కనిపిస్తుంది గానీ బి లో మిగిలేది నన్ (None, అంటే ఏమీ లేదని), తర్వాత టెక్స్ట్ మార్చబోతే ఎర్రర్. కమాండ్=సేవ్_చేయి అని రాయాల్సిన చోట బ్రాకెట్లు పెట్టి సేవ్_చేయి() అన్నారంటే, క్లిక్ చేయకముందే ఆ ఫంక్షన్ రన్ అయిపోతుంది. ఒకే విండోలో నేరుగా ప్యాక్, గ్రిడ్ (గళ్లలో అమర్చే పద్ధతి) రెండూ కలిపితే టీకే ఒప్పుకోదు, ఏదో ఒకటే. విండోను ఇంటూ గుర్తుతో మూసేస్తే బి అనే పేరు మిగులుతుంది గానీ బటన్ ఉండదు, మళ్లీ రూట్ దగ్గర్నుంచి మొదలెట్టాల్సిందే.

ఇది పైథాన్ కనిపెట్టిన సదుపాయం కాదులెండి. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో జాన్ ఔస్టర్‌హౌట్ తన టీసీఎల్ భాష కోసం టీకింటర్‌కు ఆధారమైన టీకే తయారుచేసినప్పుడే దానికి విష్ అనే షెల్ ఉంది, అందులో ప్రతి విడ్జెట్ (బటన్, లేబుల్ లాంటి భాగం) పేరూ ఒక కమాండే. ప్రింట్(బి) కొట్టి చూడండి, చుక్క, ఆశ్చర్యార్థకం, బటన్ అని వస్తుంది. ఆ చుక్క టీకే పెట్టిన ఆనవాయితీ.

ప్రశ్న: షెల్‌లో ఫారం చక్కగా కుదిరింది. ఐడిల్ మూసేశాను, అంతా పోయింది. సేవ్ చేసే దారి లేదా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పోయింది పోయింది. షెల్ మొత్తాన్ని సేవ్ చేసినా పనికిరాదు, అందులో మీ తప్పులూ ఎర్రర్లూ కూడా ఉంటాయి. పక్కన ఒక ఫైల్ తెరిచి పెట్టుకుని, నచ్చిన లైన్‌ను అప్పటికప్పుడు అందులోకి కాపీ చేయండి. ఇంకా తేలిక దారి ఉంది: ఫైల్‌లో మెయిన్‌లూప్ లైన్ ముందు హ్యాష్ (#) పెట్టి, అంటే పైథాన్ ఆ లైన్‌ను వదిలేసేలా చేసి, ఐడిల్‌లో ఎఫ్5 నొక్కండి. ఫారం తెరుచుకుంటుంది, ప్రాంప్ట్ కూడా మీ చేతిలోనే ఉంటుంది, ఫైల్‌లో పెట్టిన పేర్లతోనే బటన్లు, లేబుళ్లు మార్చి చూడొచ్చు. ప్రాజెక్టు ఇచ్చేముందు ఆ హ్యాష్ తీసేయండి, లేకపోతే ల్యాబ్‌లో మేడంగారు టెర్మినల్ నుంచి రన్ చేసినప్పుడు విండో కనిపించీ కనిపించకుండానే పోతుంది.