తాతయ్య ఓల్డ్ స్పైస్ వాసన కొత్త సీసాలో ఎందుకు రావట్లేదు?

తాతయ్య ట్రంకు పెట్టెలో ఖాళీ ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్‌షేవ్ (గడ్డం గీసుకున్నాక రాసుకునేది) సీసా దొరికిందనీ, ఆశగా కొత్తది కొని మూత తీస్తే ఆ వాసనే లేదనీ, పాత స్టాకు ఎక్కడైనా కొనొచ్చా అనీ అడిగారు. ఇది చదివేదాకా మాత్రం కొనకండి. నేనూ సరిగ్గా ఇలాగే షాపులో మూత తీసి వాసన చూసి, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చినవాణ్నే.

మాది తాడేపల్లిగూడెం వైపు. అమ్మ వాళ్ల నాన్న మిలిటరీలో చేసి రిటైరయ్యారు. రెండు నెలలకోసారి కాంటీన్‌కి వెళ్లి సరుకులు తెచ్చేవారు. ఆయన వచ్చే వేళకి రమ్ము సీసాల కోసం మావయ్యలూ వాళ్ల స్నేహితులూ గుమ్మంలో కాచుకుని ఉండేవారు. అవి ఎవరు పట్టుకుపోయినా ఆయనకి పట్టేది కాదు. సంచి అడుగునున్న తెల్ల సీసాని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

గడ్డం గీసుకోవడం వీధరుగు మీద. స్తంభానికి మేకు, మేకుకి అద్దం. స్టీలు గ్లాసులో వేణ్నీళ్లు, గోద్రెజ్ షేవింగ్ రౌండ్ సబ్బు, సగం వెంట్రుకలు ఊడిపోయిన బ్రష్షు. గీసుకున్నాక పటిక ముక్క తడిపి బుగ్గలకి రుద్దుకునేవారు. అది ఆరాక సీసా బయటికొచ్చేది. దాని మూతి బాగా సన్నం, వంచితే కారదు, విదిలించాలి. అరచేతిలోకి నాలుగు విదిలింపులు. రెండు చేతులూ ఒకసారి కలిపి, చెంపల మీద టపటపా చరుచుకుని, పళ్ల సందుల్లోంచి 'స్స్స్' అని గాలి పీల్చేవారు. అప్పుడు "ఇలా రారా" అని పిలిచి చేతికి మిగిలిన తడి నా బుగ్గలకి రాసేవారు. నాకు ఏమాత్రం మండేది కాదు. గడ్డమే లేనివాడికి బ్లేడు గాట్లెక్కడివి, మంటెక్కడిది? నేను మాత్రం తాతయ్య కంటే మొనగాణ్నని అనుకునేవాణ్ని.

ఆ మంటకి కారణం ఆల్కహాలే. చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర 'కాలుతోంది' అని కబురు పంపుతుంది. ఆల్కహాల్ తగిలితే 34 దగ్గరే పంపేస్తుంది. అంటే మన ఒంటి వేడే మనకి నిప్పులా తోస్తుందన్నమాట. గుంటూరు మిరపకాయ కొరికినప్పుడు నోట్లో గోల చేసేదీ ఆ గ్రాహకమే.

సీసా మీది ఓడ విశాఖపట్నం రేవులో ఆగి ఉంటుందని, సెలవుల్లో తీసుకెళ్లి చూపిస్తానని తాతయ్య చెప్పేవారు. పదేళ్లొచ్చేదాకా నమ్మాను. అప్పట్లో దూరదర్శన్‌లో వచ్చే ప్రకటనలో ఒకతను అంతెత్తు అల మీద పలక వేసుకుని జారుకుంటూ పోయేవాడు. అదీ వైజాగ్ బీచే అనుకున్నాను. నిజానికి సీసాల మీదివి గ్రాండ్ టర్క్, ఫ్రెండ్‌షిప్ లాంటి పాత అమెరికా వర్తకపు ఓడల బొమ్మలు. ఆ ఓడలు సేలం రేవువి (తమిళనాడు సేలం కాదు, మసాచుసెట్స్ సేలం). షల్టన్ అనే కంపెనీ మగవాళ్ల ఓల్డ్ స్పైస్‌ని 1938లో తెచ్చింది. దానికి ఏడాది ముందు, 1937లో, అదే పేరుతో వచ్చిన మొదటి సరుకు ఆడవాళ్ల కోసం! ఈ ముక్క తాతయ్య ఉండగా తెలిసుంటే ఎంత ఏడిపించేవాణ్నో.

ఇక మీ ప్రశ్న. 1990లో ఈ బ్రాండు షల్టన్ నుంచి ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ చేతికి వెళ్లింది కాబట్టి ఫార్ములా మార్చేసి ఉంటారని చాలామంది అంటారు. నేనూ అదే తిట్టుకుంటూ తిరిగాను. కానీ నా తప్పు వేరే ఉంది. ఆఫ్టర్‌షేవ్‌లో అత్తరు పాలు చాలా తక్కువ, మిగతాదంతా ఆల్కహాలూ నీళ్లూ. మూత దగ్గర ముక్కు పెడితే ముందు కొట్టేది స్పిరిటు, దాని వెనకే నారింజ ఘాటు. మనకి గుర్తున్న జాజికాయ, దాల్చినచెక్క, లవంగాన్ని తలపించే కార్నేషన్ పువ్వు, అడుగున తియ్యగా మిగిలే వెనీలా, ఇవన్నీ స్పిరిటు ఆవిరయ్యాక గానీ తేలవు. మనం తాతల్ని మూత దగ్గర వాసన చూడలేదు కదా! గీసుకున్న గంటకో, రెండు గంటలకో ఒళ్లో కూర్చుని చూశాం.

కొన్ని గంటల్లో మొహం మీంచి ఎగిరిపోయే వాసన సాయంత్రం దాకా ఆయన దగ్గర ఎలా ఉండేదన్నది నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. తర్వాత తట్టింది, తువ్వాలు! నాకు రాయగా మిగిలిన చేతుల్ని భుజం మీది నూలు తువ్వాలుకి తుడుచుకునేవారు. నూలు గుడ్డ వెనీలాని అంత తేలిగ్గా వదలదు. దానికి తోడు షేవింగ్ సబ్బు, చొక్కా గంజి, ఆయన కాల్చే చుట్ట. చుట్ట గురించి అమ్మమ్మ ఆయనతో నలభై ఏళ్లు పోట్లాడింది, అది వేరే కథ.

కాబట్టి ఆఫ్టర్‌షేవే కొనండి. అదే పేరుతో బాడీ స్ప్రేలూ డియోడరెంట్లూ ఉంటాయి, తొందరలో అవి తెచ్చుకోకండి, వాటిలో చాలావాటి వాసన వేరు. నురగ డబ్బా పక్కన పెట్టి ఆ ఒక్కరోజుకి సబ్బూ బ్రష్షూ వాడండి. రాసుకున్నాక చేతులు పాత నూలు తువ్వాలుకి తుడిచి మేకుకి తగిలించి, సాయంత్రం చూడండి. పాత సీసాల జోలికి వెళ్లకండి. ఏళ్ల తరబడి ఎండలో వేడిలో నిలవున్నదాంట్లో ముందు చెడేది పైనుండే నారింజ వాసనే. అసలు సరిగ్గా మూత పడని సీసాలో ఆల్కహాలు సగం ఎగిరిపోయి ఉంటుంది. అలాంటిది గీసిన గడ్డం మీద పోసుకోవడం నేనైతే చెయ్యను.

నేను ఇలాగే చేసి ఆ తువ్వాలు పట్టుకెళ్లి అమ్మమ్మ చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. తర్వాత నా వైపు చూసి, "అన్నీ ఉన్నాయి గానీ, ఆ చుట్ట కంపేదిరా?" అంది.