లోతు కొలవకముందే పునాదిని పగలగొట్టకండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కర్నూలు జిల్లాలోని మా నల్లరేగడి చేనులో, నాన్నగారి జ్ఞాపకంగా రెండు గదుల చిన్న ఇల్లు కట్టించాను. తొమ్మిది పిల్లర్లు, ప్లింత్ బీములు (గోడల కింది కాంక్రీటు దూలాలు), రేకుల కప్పు కలిపి రూ.4.20 లక్షలకు మేస్త్రీతో నోటిమాటగా కుదుర్చుకున్నాను. పని 2024 ఏప్రిల్‌లో పూర్తయింది. అక్టోబరు వానలకు ఒక మూల పైకి లేచి గోడలు బీటలు వారాయి. ఐదడుగుల గుంతలు తీయవలసి ఉండగా మూడడుగులే తీశారని అక్కడ పనిచేసిన కూలీ ఒకరు చెబుతున్నారు. పాత తేదీతో స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించుకొని, పునాదిని పగలగొట్టి కొత్తగా కట్టుకుంటూనే కేసు వేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన ఉత్తరంలోని (పైన ఇచ్చినది దాని సారాంశమే) ఐదు పేజీలూ చదివాను. వాటిలో నాలుగు పేజీలు నాన్నగారి గురించి, మేస్త్రీ చేసిన నమ్మకద్రోహం గురించి ఉన్నాయి. కేసును తేల్చేది మాత్రం ఒక్కటే: ఆ మూల లేవడానికి కారణం గుంత లోతు తక్కువ కావడమా, మరొకటా? దానికి సాక్ష్యం భూమిలోనే ఉంది. మీరు పగలగొట్టబోతున్నది ఆ సాక్ష్యాన్నే.

కూలీ మీతో చెప్పిన మాటకు, ఆయన స్వయంగా ప్రమాణపత్రం ఇచ్చి అవసరమైతే క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడితే తప్ప, విలువ లేదు. ఇన్నాళ్లలో ఒక్క ఫుటింగు (పిల్లరు అడుగున వేసే కాంక్రీటు దిమ్మె) పక్కన మట్టి తీయించి టేపు పెట్టి చూడాలని మీకు తోచకపోవడం ఆశ్చర్యం కలిగిస్తోంది. అంతకంటే పెద్ద చిక్కు మీ మూడో పేజీలో ఉంది. లేచిన మూలకు ఆనుకుని అరటి మొక్కలు పెట్టి, డ్రిప్పు పైపు వేశామని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఒక పక్కనే తడిస్తే ఆ పక్క పునాది పైకి లేస్తుంది. మేస్త్రీ తరఫు న్యాయవాది మొదట అడిగే ప్రశ్న ఆ డ్రిప్పు గురించే. పునాది నేల తేమ ఎక్కువగా మారని లోతుకు దిగలేదనీ, ఉబ్బే మట్టికి బీము కింద వదలవలసిన ఖాళీ వదలలేదనీ ఇంజనీరు చూపగలిగితేనే ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

స్టాంపు కాగితం సంగతి. ఒప్పందం నోటిమాటగా ఉన్నంత మాత్రాన చెల్లకుండా పోదు. లేని కాగితాన్ని ఇప్పుడు పుట్టిస్తే మాత్రం నిజమైన కేసు కూడా అబద్ధమైపోతుంది. కాగితం వెనుక అమ్మిన తేదీ, వరుస సంఖ్య, కొన్నవారి పేరు ఉంటాయి, దాన్ని అమ్మిన స్టాంపు వెండరు రిజిస్టరును కోర్టు తెప్పించవచ్చు. ఫోర్జరీకి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ముద్దాయి అయ్యేది మీరు, మేస్త్రీ కాదు. ఆ సలహా ఇచ్చిన బంధువు ఆ రోజు మీ పక్కన బోనులో నిలబడరు.

నిజానికి మీకు ఆ కాగితంతో పనే లేదు. సిమెంటు కంపెనీ క్యాలెండరు అట్ట వెనుక మేస్త్రీ తన చేత్తో ‘గుంత 5 అడుగులు – 9’ అని లెక్క రాసిచ్చారని మీరే తెలిపారు. దానికి తోడు యూపీఐ చెల్లింపులు, ‘లోతు తగ్గిన మాట నిజమే, సంక్రాంతి తర్వాత చేస్తా’ అన్న వాట్సాప్ సందేశం ఉన్నాయి. ఆ ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63(4) సెక్షన్ కోరే ధ్రువపత్రం (ఆ సందేశం ఏ ఫోను నుంచి, ఎలా తీశారో తెలిపేది) జతచేస్తేనే ఆ సందేశం ప్రింటు సాక్ష్యంగా నిలుస్తుంది.

గడువు విషయంలో మీరు చూపిన నిర్లక్ష్యం మన్నించదగినది కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బీటలు కనిపించిన అక్టోబరు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు గానీ, పని అప్పగించిన 2024 ఏప్రిల్ నుంచే లెక్కించాలని ఎదుటివారు వాదిస్తారు. తెలివైనవారు ముందు వచ్చే తేదీనే పట్టుకుంటారు. ఇప్పుడు 2026 జనవరి, అంటే మీ చేతిలో ఉన్నది మూడు నెలలు. ఆలస్యాన్ని మన్నించమని కోరే వీలున్నా, ‘చేస్తా, చేస్తా అన్నారు’ అన్నది తగిన కారణమని వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటుందన్న భరోసా లేదు.

ఈ వారంలోనే మేస్త్రీకి డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా రోజు, ఫలానా గంటకు ఇంజనీరు సమక్షంలో రెండు ఫుటింగుల పక్కన తవ్వి కొలుస్తున్నాము, హాజరు కాగలరు అని అందులో రాయండి. లేచిన మూలలో ఒకటి, డ్రిప్పుకు దూరంగా ఉన్న మూలలో ఒకటి తవ్వించండి. రెండు చోట్లా మూడడుగులే తేలితే తక్కువ లోతు అన్నిచోట్లా ఉందనడానికి ఆధారం దొరుకుతుంది, కూలీ మాట కోసం ఎదురుచూడనక్కరలేదు. గుంతలో టేపు అంకెలు కనిపించేలా ఫొటోలు తీయించి, మరమ్మతు ఖర్చు అంచనాతో సహా ఇంజనీరు నివేదికను ప్రమాణపత్రంతో తీసుకోండి. డ్రిప్పును ఇంజనీరు చూసిన తరువాతే తీయండి. ముందే తీసేస్తే దాచారన్న మాట వస్తుంది.

ఇంటి నిర్మాణం వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు మించలేదు కనుక జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరు ఉండే హైదరాబాద్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ దాఖలు చేయవచ్చు. నన్నడిగితే కర్నూలే మేలు, ఎందుకంటే ఫిర్యాదుతోపాటే, ఇంజనీరు సాయంతో స్థలాన్ని పరిశీలించడానికి అడ్వకేటు కమిషనరును (స్థలం చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) నియమించమని దరఖాస్తు పెట్టాలి, చేను అక్కడే ఉంది. ఆ పరిశీలన ముగిసేదాకా ఒక్క ఇటుక కూడా కదపకండి. గోడ పడుతుందన్న భయం ఉంటే కర్రలతో ఆసరా పెట్టించండి, గదుల్లో ఎవరినీ పడుకోనివ్వకండి.

ఆ క్యాలెండరు అట్టను లామినేషన్ చేయించకండి. చేతిరాత నిపుణుడికి సిరా గీత కనబడాలి. కవరులో పెట్టి, జెరాక్సు మాత్రమే జతచేయండి. అసలు అట్ట మీ బీరువాలోనే ఉండాలి.