ముందు నోరు చూడు, తర్వాతే కళ్ళెం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

గుర్రం పగ్గాలకు ఆగడం లేదు, ఇంకాస్త కరుకైన బిట్, అదే నోట్లో పెట్టే కళ్ళెం కడ్డీ, కొంటానని రాశావు. దాని నోరు చూసేదాకా ఏదీ కొనకు తల్లీ.

ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ నడుమ పళ్ళు లేని చోటు ఉంటుంది. కళ్ళెం కూర్చునేది అక్కడే. ఓసారి వేలితో మెల్లగా తడిమి చూడు. పల్చటి చిగురు, దాని కిందే ఎముక. నువ్వు పగ్గం లాగినప్పుడల్లా నొక్కు పడేది దాని మీదా, నాలుక మీదా.

మొదట్లో నా దగ్గరున్న ఒక ఆడగుర్రం ఎడమకు తిప్పబోతే తల ఎగరేసేది. మొండిదనుకుని రెండు బిట్లు మార్చాను, రెండోది మరీ కరుకు. చివరికి పళ్ళ డాక్టరు నోరు తెరిపించి చూస్తే, పైన మొదటి దవడ పన్నుకు ముందు చిన్న మొలక పన్ను. వుల్ఫ్ టూత్ అంటారు. అది తీయించాక పాత బిట్‌తోనే హాయిగా తిరిగింది. దాన్ని అదిలించిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఏడాదికోసారైనా పళ్ళు చూపించు.

ఇక కొలత. నోట్లో అడ్డంగా సన్నటి కర్ర పెట్టి రెండు పెదవుల బయట గుర్తు పెట్టుకో. బిట్ ఒక్కో వైపు అర సెంటీమీటరు బయటికి ఉంటే చాలు. చాలా గుర్రాలకు 5 అంగుళాలు, అంటే 125 మి.మీ. దగ్గర సరిపోతుంది. వెడల్పు ఎక్కువైతే అటూ ఇటూ జారుతుంది, తక్కువైతే పెదవుల్ని నొక్కుతుంది.

లావు బిట్ మెత్తన అనే మాట పూర్తిగా నమ్మకు. నాలుక కండగా ఉండి అంగిలి ఎత్తు లేని నోట్లో 18 మి.మీ. బిట్ పెడితే పాపం నోరు మూయలేదు. అలాంటిదానికి 14 నయం.

నీకైతే స్నాఫిలే మంచిది, అంటే లాగుడును పెంచకుండా నేరుగా నోటికి చేర్చే బిట్; అందులోనూ నడుమ రెండు కీళ్ళున్నది. నాలుక మీద నొక్కు కాస్త సర్దుకుంటుంది. గడ్డం గొలుసుండే కర్బ్ బిట్ నీ లాగుడును పెంచి దవడకు చేరవేస్తుంది. చెయ్యి కుదురుకునేదాకా దాని జోలికి పోకు.

కొత్తది పెట్టాక మొదటి రోజులు నడకే. మెల్లగా నములుతూ పెదవుల దగ్గర కాస్త నురగ ఉంటే బాగున్నట్టే. నోరు బార్లా తెరిచినా, నాలుక బిట్ పైకి వేసినా వెంటనే దించెయ్. చలి పొద్దున బిట్‌ను అరచేతుల్లో వెచ్చబెట్టి మరీ పెట్టు.

కొలత తీసి రాయి, పెదవి పైకెత్తి ఫోటో కూడా పంపు. చూసి చెబుతాను.