పీబీఎల్‌లో టాపిక్‌లు పంచుకుంటే ఏం పోతుంది?

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో ఏడాది. పీబీఎల్ (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, అంటే రోగి కేసు చుట్టూ చదువుకునే పద్ధతి) క్లాసులో పదిమందికి ఒక కేసు ఇస్తారు. ఇద్దరే మాట్లాడతారు. చివర్లో టాపిక్‌లు పంచుకుంటాం, తర్వాతి క్లాసులో ఎవరి స్లైడ్లు వాళ్లు చదివేస్తాం. నా టాపిక్ తప్ప ఏదీ బుర్రకెక్కడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: పంచుకోవడంలోనే ఉందండి. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ పద్ధతిని నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం ఏడు మెట్లుగా చేసింది. ఆరోది సొంతంగా చదవడం, ఏడోది చదివింది అందరూ కలిసి సరిచూసుకోవడం. ఒక్కరే చదివితే సరిచూసేదెవరు?

అసలు చిక్కు మాత్రం ఐదో మెట్టు, అంటే ఏం చదవాలో రాసుకునే దగ్గర. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి వాంతులు, కడుపునొప్పి, లోతైన శ్వాస, షుగర్ 480, పొటాషియం 5.2, మూత్రంలో కీటోన్లు (కొవ్వు విరిగితే వచ్చే ఆమ్లాలు) అని కేసు వచ్చిందనుకోండి. బోర్డు మీద 'డయాబెటిస్' అని రాస్తే కోఠిలో కొన్న పాత గైడు తిరగేసి వస్తారు, అంతే. 'రక్తంలో పొటాషియం 5.2 ఉంది కదా, ఇన్సులిన్ ఇస్తే ఎందుకు పడిపోతుంది?' అని రాయండి. మూత్రంతో ఒంట్లోని పొటాషియం పోయింది. ఇన్సులిన్ లేక, ఆమ్లం పెరిగి, కణాల్లోది రక్తంలోకి వచ్చింది కాబట్టి అంకె బాగానే కనిపిస్తోంది. ఇన్సులిన్ పడగానే అది తిరిగి కణాల్లోకి పోతుంది. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ మూడూ తిరగేస్తే తప్ప ఈ జవాబు దొరకదు. ఇలాంటివి నాలుగైదు చాలు. అందరూ అన్నీ చదవాలి.

ఇద్దరే మాట్లాడటానికి మందు: కేసు చదివాక రెండు నిమిషాలు ఫోన్లు మూసి, ఎవరికి తోచింది వాళ్లు కాగితం మీద రాయండి. చర్చ నడిపే విద్యార్థి (చైర్), ఎప్పుడూ మాట్లాడనివాళ్లతో మొదలుపెట్టాలి. తప్పు ఊహల్ని కూడా స్క్రైబ్ (రాసే విద్యార్థి) బోర్డు మీద ఉంచాలి, తర్వాతి క్లాసులో కొట్టేయాల్సింది వాటినే. స్లైడ్లు వద్దు, పుస్తకం మూసి బోర్డు మీద గీసి చెప్పండి. ట్యూటర్ లెక్చర్ అందుకుంటే 'మేమే చదివి చెప్తాం సార్' అనడం తప్పేం కాదు.

ప్రశ్న: పరీక్షకు ఇది సరిపోతుందా?
– ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: కేసుతో మొదలయ్యే ప్రశ్నలకు, వైవాకు బాగా పనికొస్తుంది. మందుల డోసులు, వర్గీకరణలు, బ్యాక్టీరియా పట్టికలు ఏ కేసులోనూ పూర్తిగా రావు, విడిగా బట్టీ పట్టాల్సిందే. కేసు ముగిసిన రాత్రే దాని మీద పది మార్కుల జవాబు ఒకటి చూడకుండా రాసుకోండి. ఎక్కడ కలం ఆగిందో అక్కడే మళ్లీ పుస్తకం తెరవండి.