పని నేర్పిన మామయ్యను దాచేస్తారా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. డిగ్రీ తర్వాత మూడేళ్లు పోటీ పరీక్షలు రాశాను, ఫలితం లేకపోయింది. ఏడు నెలలుగా మా మేనమామ దగ్గర ప్లంబింగ్ పని నేర్చుకుంటున్నాను. ఆయన పెద్దగా చదువుకోలేదు, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. కోపం ఎక్కువ. ఒకసారి మ్యాన్‌హోల్‌లో పడిపోయిన రెంచి తీయడానికి దిగబోతుంటే చొక్కా పట్టుకుని లాగి, ఆ ఇంటివాళ్ల ముందే తిట్టారు. బంధువులకు మాత్రం నేను ఒక నిర్మాణ సంస్థలో సూపర్‌వైజర్‌గా చేరానని అమ్మా నేనూ చెప్పుకుంటున్నాం. పని బట్టలు మామయ్య ఇంట్లోనే మార్చుకుని వస్తాను. వచ్చే నెల చెల్లెలి నిశ్చితార్థం. ఎవరైనా అడిగితే ఆయన కూడా అదే మాట చెప్పాలని కోరాను. సరేనన్నారు. అప్పటి నుంచి పనికి అవసరమైన మాట తప్ప మాట్లాడటం లేదు. నేను శిక్షణ సంస్థలో చేరి సర్టిఫికెట్ తెచ్చుకోవాలా, మరో ఏడాది ఆయన దగ్గరే ఉండి సొంతంగా మొదలుపెట్టాలా? కర్మాగారాల్లో పైపు ఫిట్టర్‌కు గౌరవం ఎక్కువంటున్నారు, అటు వెళ్లాలా?

జవాబు: మీరు అడిగినదానికి సమాధానం ఎంతో సేపు పట్టదు. సర్టిఫికెట్టూ కావాలి, చేతిపనీ కావాలి. డ్రాయింగు చదవడం, లెక్క కట్టడం, నిబంధనలు తెలుసుకోవడం తరగతిలో బాగా వస్తాయి. పాత గోడలోని తుప్పు పట్టిన ఇనుప పైపును మర విరగకుండా విప్పడం తరగతిలో రాదు. ఈ వృత్తికి పద్ధతైన అప్రెంటిస్‌షిప్ ఉన్న చాలా దేశాల్లో అది నాలుగైదేళ్లు సాగుతుంది, పనీ చదువూ కలిపి. అందువల్ల ఏడాదిలో సొంతంగా మొదలుపెట్టాలన్న తొందర మానుకోండి. ఇక పైపు ఫిట్టర్ పని వేరు. ఆవిరి, నూనెలు, రసాయనాలు ఎక్కువ ఒత్తిడితో పారే గొట్టాలు, వెల్డింగ్, గొట్టాలను బోల్టులతో కలిపే ఫ్లాంజీలు, గొట్టాల దారిని మూడు కొలతల్లో చూపే ఐసోమెట్రిక్ డ్రాయింగులు. ఆ పని మీద ఇష్టం ఉంటే వెళ్లండి. గౌరవం కోసమైతే వద్దు, ఎందుకంటే మీరు వెతుకుతున్న గౌరవం అక్కడ కూడా దొరకదు. రేపు అక్కడి పని బట్టలు ఎక్కడ మార్చుకోవాలా అని ఆలోచిస్తారు.

నన్ను పట్టి ఆపింది మీ ఉత్తరంలోని ఒక్క మాట. ‘సరేనన్నారు’ అని రాశారు. ఆ మాట రాసేటప్పుడు మీకు ఏమీ అనిపించలేదా?

మీరు ఆయనను ఏమి అడిగారో ఒకసారి నిదానంగా చూడండి. ముప్ఫై ఏళ్లు తను చేసిన పని, తన ఇల్లు నడిపిన పని, ఇప్పుడు మీకు నేర్పుతున్న పని, అది నలుగురిలో చెప్పుకోదగినది కాదని ఆయన నోటితోనే ఒప్పించారు. అదీ మేనల్లుడిగా, అడిగితే కాదనలేరని తెలిసి. బయటివాళ్లెవరో చిన్నచూపు చూస్తే ఆయన దులిపేసుకుని ఉంటారు. ఇన్నేళ్లలో అలాంటివి ఎన్ని చూసి ఉంటారో! మీ మాట అలా దులిపేసుకోగలిగేది కాదు.

ఆ మ్యాన్‌హోల్ సంగతి మీరు ఫిర్యాదుగా రాశారు. నేను దాన్ని రెండుసార్లు చదివాను. మురుగు కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గాలిలో దాదాపు 100 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో వంద పాళ్లకు, చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. లోపలికి దిగినవాడు వాసన పోయింది, పర్వాలేదనుకుంటాడు. మోతాదు ఇంకా పెరిగితే కొన్ని శ్వాసలకే స్పృహ తప్పుతుంది. అతన్ని కాపాడాలని వెనకే దిగిన మనిషి కూడా అక్కడే పడిపోతాడు. ఇలా ఒకరి వెంట ఒకరు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. గాలిని పరీక్షించే పరికరం, గాలి లోపలికి పంపే ఏర్పాటు, పైనుంచి లాగడానికి నడుముకు తాడు, పైన కాపలా మనిషి, ఇవేవీ లేకుండా ఎవరూ అందులోకి దిగకూడదు. ఒక రెంచి కోసం అసలే దిగకూడదు. ఆయనకు పీపీఎం లెక్క తెలియకపోవచ్చు. కానీ ఆ క్షణంలో ఎదుట ఎవరున్నారో, మీ పరువు ఏమవుతుందో ఆయనకు పట్టలేదు. మీరు బతికి ఉండటమే పట్టింది. ఆ కోపాన్ని మీరు కోపంగానే లెక్కవేసుకున్నారు.

‘పెద్దగా చదువుకోలేదు’ అని కూడా రాశారు. సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో కాస్త నీరు ఎందుకు నిలబడి ఉండాలో ఆయనను అడిగారా? ఆ నీరే మురుగు వాయువు ఇంట్లోకి రాకుండా అడ్డు. అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు 1775లో ఇలాంటి వంపుతోనే నీళ్ల మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. మురుగు గొట్టాలకు గాలి అందించే వెంటు పైపు సరిగా లేకపోతే పక్క గొట్టంలో నీళ్లు ఒక్కసారిగా దిగినప్పుడు ఆ లాగుడుకు వంపులోని నీరు కూడా పోతుంది, ఇల్లంతా కంపు. ఇలాంటిది మీ మామయ్య గడపలో నిలబడే పసిగడతారని నా నమ్మకం. వేడినీళ్లకు మామూలు పీవీసీ వేయకూడదని, సుమారు 60 డిగ్రీలు దాటితే అది మెత్తబడుతుందని, క్లోరిన్ పాలు పెంచిన సీపీవీసీ అయితే 90 డిగ్రీల దాకా తట్టుకుంటుందని పుస్తకం మీకు చెబుతుంది. గోడ పూసేయకముందే లైనుకు ఒత్తిడి పెట్టి, ఒత్తిడి చూపే గేజి ముల్లు దిగుతోందా అని ఓపికగా కూర్చుని చూడటం మాత్రం ఒక మనిషి దగ్గర నేర్చుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత ఆ అతుకును ఎవరూ చూడరు. ఎవరూ చూడని చోట సరిగ్గా చేసే అలవాటు ఉన్నవారిని నేను చదువుకున్నవారి కిందే లెక్కవేస్తాను.

ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిదే, దాచుకోను. విద్య తీసుకుని, ఇచ్చిన మనిషిని దాచేయడం దొంగతనం లాంటిదే. మీ అమ్మగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించండి. కొడుకు పరువు కోసం తోడబుట్టినవాడిని చిన్నబుచ్చడానికి ఆవిడ ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు. మూడేళ్లు మీరు ఇంట్లో కూర్చుని పరీక్షలు రాసి నీరసపడ్డప్పుడు, రేపటి నుంచి నాతో రమ్మని పిలిచింది ఆయన ఒక్కరే కదా.

నిశ్చితార్థం దాకా ఆగకండి. పని దగ్గర కాదు, ఆయన ఇంటికి వెళ్లి, అత్తయ్య ముందే అడగండి క్షమాపణ. ఆవిడకూ ఈ సంగతి తెలిసే ఉంటుంది, మీ బట్టలు ఆ ఇంట్లోనే మారుతున్నాయి కాబట్టి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘ఆ మాట మీ చేత అనిపించాలనుకోవడం తప్పు మామయ్యా, మీరు చెప్పవద్దు, నేనే నిజం చెబుతాను’ అంటే చాలు. ఆయన వెంటనే కరగకపోవచ్చు, విసుక్కోవచ్చు కూడా. మర్నాడు వేళకు పనికి వెళ్లండి.

చెల్లెలి సంబంధం గురించి మీకు భయం ఉంటుంది, అర్థమవుతుంది. అబ్బాయి తరఫువారికి వేడుకకు ముందే, పెద్దల ద్వారా నిజం చెప్పించండి. ఇప్పుడు దాచితే ఎప్పటికో బయటపడుతుంది. అప్పుడు మీ అన్నయ్య ఏ ఉద్యోగం చేస్తాడన్నారు అని ఆ ఇంట్లో రోజూ జవాబు చెప్పుకోవలసింది మీరు కాదు, ఆ పిల్ల. ఆ భారం ఆమె మీద వేయకండి. వేడుక రోజున ఎవరైనా ఏమి చేస్తున్నావని అడిగితే, మామయ్య పక్కకు వెళ్లి నిలబడి, ఈయన దగ్గర ప్లంబింగ్ నేర్చుకుంటున్నానని చెప్పండి.

శిక్షణలో చేరే విషయం ఆ తర్వాత ఆయనతోనే మాట్లాడండి. సాయంత్రం తరగతులో, వారంలో రెండు రోజులో కుదిరితే పని మానకుండా వెళ్లవచ్చు. అక్కడ నేర్చుకున్న లెక్కలు, డ్రాయింగులు తెచ్చి ఆయనకు చూపించండి. ఆయనకు చదవడం కష్టమైతే మీరు చదివి వినిపించండి. సొంతంగా ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయననే చెప్పనివ్వండి.