నెల పుస్తకం చదవాలా, వదిలేయాలా? మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పిల్లవాడు నిద్రకు మారాం చేస్తున్నాడు, నీ గొంతులో అలసట వినిపిస్తూనే ఉంది. పైగా అది రెండు మాటల్లో తేలే విషయం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీ చదువరుల బృందం ఈ నెలకు విశ్వనాథ సత్యనారాయణ గారి నవల వేయిపడగలు ఎంచుకుంది. సమావేశానికి ఇంకా 21 రోజులు ఉన్నాయి. పుస్తకం చూస్తే వెయ్యి పేజీలకు అటూ ఇటూ. అందులోని భావాలు నీకు నచ్చవని ఎవరో ముందే చెప్పారు. "చదవకుండా ఊరుకుంటే ఏమవుతుంది అత్తయ్యా?" అని అడిగావు. ఏమీ కాదు తల్లీ. ముందు ఆ భయం తీసెయ్యి. శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పందొమ్మిదేళ్ళ పాటు ప్రతి నెలా రెండో ఆదివారం మా బృందాన్ని నడిపినన్నాళ్ళూ, నేను చదవకుండా వదిలేసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటి గురించి నాకు ఈనాటికీ బాధ లేదు. ఒక్క పుస్తకాన్ని మాత్రం చదివినట్టు నటించాను. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

మా బృందంలో విశ్రాంత లెక్కల మాస్టారు ఒకరు ఉండేవారు. ఆరేడు నెలలు వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్న మనిషి. ఒకసారి ధైర్యం చేసి తనకిష్టమైన నవల పేరు చెప్పారు. అందరం సరే అన్నాం. ఆ నెల పెళ్ళిళ్ళ నెల, ఎవరి హడావిడి వాళ్ళది. ఆదివారం మాస్టారు రూళ్ళ నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. అధ్యాయానికి ఒక పేజీ, పేజీ చివర ఎర్ర సిరాతో ప్రశ్నలు. ఎదురుగా మేము ఎనిమిదిమందిమి. ఒక్కరమూ చదవలేదు, ఆ మాట ఒక్కరమూ చెప్పలేదు. నేను అట్ట వెనక ఉన్న నాలుగు వాక్యాలు చూసుకుని వచ్చి, వాటినే తిప్పి చెప్పాను. "పాత్రలను బాగా మలిచారు" అన్నాను. మాస్టారు ముఖం వెలిగిపోయింది. ముందుకు వంగి, "మీకు ఏ పాత్ర నచ్చిందమ్మా?" అని అడిగారు. నాకు ఒక్క పేరు కూడా తెలియదు. తల దించుకున్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నోటుబుక్కు మూసి, దానికి రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి, సంచిలో పెట్టుకున్నారు. ఆ తరవాత కూడా సమావేశాలకు వచ్చారు కానీ, మళ్ళీ ఎన్నడూ ఏ పుస్తకం పేరూ చెప్పలేదు.

"చదవడం కుదరలేదు మాస్టారూ, మీరే చెప్పండి" అని ఉంటే ఆయన ఆ సాయంత్రమంతా సంతోషంగా చెప్పేవారు. నీ ప్రశ్నకు నా జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. మీ బృందంలో ఎవరో ఒకరు వేయిపడగలు పేరు చెప్పారు కదా, నువ్వు ముందుగా ఆలోచించవలసింది ఆ మనిషి గురించి. పుస్తకం చదివినా, వదిలేసినా ఆ మనిషితో నిజం చెప్పు.

ఇక చదవడం సంగతి. ముందు లెక్క చూసుకో. గడియారం దగ్గర పెట్టుకుని ఆ నవలలో పది పేజీలు అర్థం చేసుకుంటూ, నీ మామూలు వేగంతో చదువు. 25 నిమిషాలు పట్టిందనుకో. వెయ్యి పేజీలకు 2,500 నిమిషాలు, అంటే దాదాపు 42 గంటలు. 21 రోజులకు పంచితే రోజుకు రెండు గంటలు. పొద్దున్నే క్యారియర్లు సర్ది, ఆఫీసుకు వెళ్ళి వచ్చి, పిల్లవాడి హోంవర్కు చేయించేసరికి నీకు మిగిలేది రాత్రి తొమ్మిదిన్నర తరవాత ముప్పావుగంట. ఆ లెక్కన సమావేశం నాటికి మూడో వంతు కంటే కాస్త ఎక్కువ అవుతుంది. ఇందులో నీ తప్పేమీ లేదు. ఇంత పెద్ద నవలను ఒక్క నెలకు పెట్టడం మీ బృందం పొరపాటు. మేము 350 పేజీలు దాటిన ఏ పుస్తకాన్నైనా రెండు నెలలకు పంచుకునేవాళ్ళం. దీన్ని మూడు నెలలకు పంచుదామని ఇవాళే అడుగు. నీలాగే లోలోపల మథనపడుతూ నోరు మెదపనివాళ్ళు కనీసం ఇద్దరైనా ఉంటారు.

పి.వి. నరసింహారావు గారు రాష్ట్ర రాజకీయాల్లో తలమునకలుగా ఉన్న రోజుల్లోనే ఈ నవలను సహస్రఫణ్ అనే పేరుతో హిందీలోకి అనువదించారు. ఆ సంగతి ఎత్తి, "ఆయనకు దొరికిన తీరిక నీకు దొరకదా?" అని మీ నాన్న అన్నా అంటాడు. పట్టించుకోకు. ఆయనకు ఆ నవల అంటే ప్రాణం కాబట్టి తీరిక వెతుక్కున్నారు. నీకు దాని మీద ఇష్టం పుడుతుందో లేదో ఇంకా తేలనే లేదు.

అది తేలడానికి కొన్ని పేజీలు చదవక తప్పదు. ఎన్ని అంటే, పుస్తకాన్ని బట్టి. నూట యాభై పేజీల నవలకు ఇరవై చాలు. దీనికి మాత్రం వంద ఇవ్వమంటాను. ఎందుకో చెబుతాను. గ్రంథాలయానికి తిరిగి వచ్చిన పుస్తకాలను బీరువాలో పెట్టే ముందు నేను ఒకసారి దులిపేదాన్ని. బస్సు టికెట్లు, తలపిన్నులు, మందుల చీటీలు, అగరుబత్తి పెట్టె ముక్కలు రాలేవి. పెద్ద నవలల్లో అవి ఎక్కువగా ముప్పై, నలభై పేజీల మధ్య దొరికేవి. ఒకసారి ఒక లావుపాటి నవలను చేతిలోకి తీసుకుని చూశాను. గడువు తేదీల చీటీ మీద ఆరు ముద్రలు ఉన్నాయి, అంటే ఆరుగురు ఇంటికి తీసుకువెళ్ళారు. నలభయ్యో పేజీ దాకా అంచులు చేతి చెమటకు, వంటింటి పసుపుకు మాసి ఉన్నాయి. అక్కడినుంచి చివరిదాకా తెల్లగా, ఒకదానికొకటి అతుక్కుని, ప్రెస్సు నుంచి వచ్చినట్టే ఉన్నాయి. నాకు ఎంత దిగులు వేసిందో. పాత నవలాకారులు మనల్ని ఊళ్ళోకి నెమ్మదిగా నడిపిస్తారు. ఊరు ఎలా పుట్టింది, ఏ ఇంటివాళ్ళు ఎవరికి ఏమవుతారు అన్నది కుదురుగా చెబుతారు. ఆ చుట్టరికాలు మన తలకు ఎక్కేలోపే మనం దిగిపోతున్నాం. నువ్వు ఆ ఆరుగురిలా నలభై దగ్గర ఆగకు. వంద తరవాత ఆగితే నేను ఒక్క మాట కూడా అనను.

చదివేటప్పుడు మొదటి నాలుగు రోజులు పైకి చదువు. విశ్వనాథ సత్యనారాయణ గారు ఈ నవలను నోటితో చెబుతూ ఉంటే ఆయన తమ్ముడు పక్కన కూర్చుని రాసుకున్నారు. అది మొదట నోటి మాటగా పుట్టింది, అందుకే కంటితో చదివితే బరువుగా తోచే వాక్యం చెవికి తేలిగ్గా పట్టుబడుతుంది. పిల్లవాడు పడుకున్నాక గొంతు తగ్గించి చదువుకో, చాలు.

నీ రెండో అభ్యంతరం గురించి కాస్త ఎక్కువ రాయాలి. సుబ్బన్నపేట అనే ఊరు, దాని గుడి, కోట, వాటిని అల్లుకుని ఉన్న పాత జీవితం కూలిపోతున్నందుకు రచయిత దుఃఖిస్తారు. వర్ణవ్యవస్థను సమర్థిస్తారు. ఆ వ్యవస్థలో అట్టడుగున నలిగినవాళ్ళ వైపు నిలబడి చూస్తే ఆ దుఃఖం మింగుడుపడదు. నాకూ పడలేదు. ఇరవై ఏడో ఏట సగం చదివి, కోపంతో పక్కన పెట్టేశాను. నలభై దాటాక మళ్ళీ తీశాను, పూర్తి చేశాను. కథానాయకుడు ధర్మారావుతో ఈనాటికీ మనసులో వాదిస్తూనే ఉన్నాను. కానీ పైరుతో, పొలంతో ప్రాణం పెనవేసుకుపోయిన పసిరిక అనే పిల్లవాడిని మాత్రం మరచిపోలేకపోయాను. వరి కోతల కాలంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నానంటే ఇప్పటికీ గుర్తుకు వస్తాడు.

అందుచేత, భావాలు నచ్చవన్న ఒక్క కారణంతో ఈ నవలను వదలకు. నీ దగ్గర ఇప్పుడు ఉన్నది వేరేవాళ్ళ అభ్యంతరం. సమావేశంలో ఎవరైనా "ఎక్కడ అలా రాశారు?" అని అడిగితే చూపించడానికి నీ దగ్గర ఒక్క పేజీ కూడా ఉండదు. చదువుతూ వెళ్ళు. ఒళ్ళు మండిన చోట పెన్సిలుతో గీత గీసి, పేజీ సంఖ్య కాగితం మీద రాసుకో. అలాంటి నాలుగు చోట్లు పట్టుకుని వెళితే, పొగిడే పదిమంది కంటే నీవల్లే ఆ సాయంత్రం చర్చ సాగుతుంది. పేరున్న పుస్తకం కదా అని మొహమాటపడనక్కర్లేదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన నవలల పోటీలో కూడా బహుమతి అంతా దీనికే దక్కలేదు, అడివి బాపిరాజు గారి నారాయణరావు నవలతో పంచుకుంది.

ఒక సందర్భంలో మాత్రం ఈ లెక్కలు, వంద పేజీలు, ఏవీ పనికిరావు. మా బృందంలో ఒకావిడ తల్లి మంచాన పడి ఉంది. ఆ నెల పుస్తకం ఒక రోగి చివరి రోజుల గురించి. "ఈసారి నేను చదవలేను అక్కా" అంది. నేను ఊరుకోకుండా, ఎందుకు, ఏమిటి అని రెట్టించాను. బీరువాల మధ్య నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి వదిలేస్తానన్నవాళ్ళను కారణం అడగడం మానేశాను. నీకూ అలాంటి నెల వస్తే, "ఈ పుస్తకం ఇప్పుడు చదవలేను" అని ఊరుకో. మీ బృందంలో ఎవరికైనా వస్తే రెట్టించకు.

సరే, వంద పేజీలు అయ్యాయి, రాత్రి తొమ్మిదిన్నరకు ఆ పుస్తకం వైపు చెయ్యి వెళ్ళడం లేదు అనుకుందాం. వదిలెయ్యి. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అచ్చువేయించిన ఐదు గ్రంథాలయ సూత్రాలు మా శిక్షణలో మొదటి పాఠం. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని ఒక సూత్రం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని ఇంకొకటి, పాఠకుడి సమయం ఆదా చేయాలని మరొకటి. నీకు కుదరని పుస్తకాన్ని మూడు వారాలు దిండు పక్కన ఉంచుకుంటే ఆ మూడూ ఒకేసారి తప్పినట్టే. గ్రంథాలయం ప్రతి అయితే మర్నాడే తిరిగి ఇచ్చెయ్యి, దాని కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఉంటారు.

వదిలేశాక ఆ పుస్తకం పేరు చెప్పిన మనిషికి వారం ముందే ఫోను చెయ్యి. అందరూ చూసే సందేశాల్లో పెట్టకు. ఫలానా పేజీ దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను అని చెప్పు. వాళ్ళు, "అయ్యో, ఇంకో ఇరవై పేజీలు చదివితే" అంటారేమో, విను. కొన్నిసార్లు ఆ ఇరవై పేజీలే తలుపు తీస్తాయి. తీయకపోయినా, నువ్వు ప్రయత్నించావని వాళ్ళకు తెలుస్తుంది. కథాసంగ్రహం మాత్రం ఎక్కడా చదవకు. చదివితే, మాస్టారి ముందు నేను మాట్లాడినట్టు మాట్లాడతావు.

సమావేశానికి తప్పకుండా వెళ్ళు. పుస్తకం వదిలేసినవాళ్ళు సిగ్గుపడి ఆ ఆదివారం కూడా మానేస్తారు, బృందాలు చాలావరకు అలాగే చెదిరిపోతాయి. వెళ్ళి, మొదటే "నేను ఇంతవరకే చదివాను" అని చెప్పి కూర్చో. ముగింపు చెప్పవద్దని వాళ్ళను ఆపకు, అది చదివినవాళ్ళ హక్కు.

ఒక నెల మేము నవీన్ గారి అంపశయ్య పెట్టుకున్నాం. ఒక విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, అదంతా అతడి ఆలోచనల ప్రవాహంలోనే సాగే నవల. కుట్టుపని చేసుకునే ఒక సభ్యురాలు లేచి, "నేను ముప్పై పేజీలు చదివాను. ఆ అబ్బాయి ఏది అనుకుంటున్నాడో, ఏది పైకి అంటున్నాడో తెలియక తల తిరిగింది, ఆపేశాను" అంది. ఎవరూ నవ్వలేదు. విద్యుత్ శాఖలో పనిచేసే ఒకాయన, ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడేవాడు, "నేను హాస్టల్లో ఉన్నప్పుడు నా తల అచ్చంగా అలాగే ఉండేదమ్మా" అని మొదలుపెట్టాడు. మెస్సు బిల్లు కట్టలేని నెలలు, ఇంటి నుంచి రాని మనియార్డరు, పరీక్ష ముందు రాత్రి, అన్నీ చెప్పాడు. గంటన్నర గడిచింది. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి, తనూ వింటూ ఉండిపోయాడు. ఆవిడ మర్నాడు వచ్చి ఆ నవలను మళ్ళీ తీసుకువెళ్ళింది. పూర్తి చేసిందో లేదో నేను అడగలేదు.

వరుసగా మూడు నెలలు వదిలేయవలసి వస్తే మాత్రం ఆలోచించు. ఆ బృందం అభిరుచి వేరు, నీది వేరు అయి ఉండవచ్చు. అప్పుడు మానేసే ముందు నువ్వే ఒక పుస్తకం పేరు చెప్పు. చెప్పాక ఎవరు చదివి వచ్చారో, ఎవరు చదవకుండా వచ్చారో వాళ్ళ ముఖాల్లో నీకే కనిపిస్తుంది.

నా ప్రతిని మీ నాన్న చేత పంపిస్తున్నాను. బైండు వదులైంది, పుస్తకాన్ని వెనక్కి విరిచి పట్టుకోకు. మార్జిన్లలో రెండు రకాల గీతలు కనిపిస్తాయి. కాగితం చిరిగేలా గట్టిగా గీసినవి ఇరవై ఏడో ఏటివి, సన్నగా ఉన్నవి తరవాతివి. నువ్వు రంగు పెన్సిలు వాడు, కలిసిపోకుండా ఉంటాయి. వచ్చే ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి. ఏ పేజీలో ఉన్నావో చెబితే చాలు.

ఇట్లు,
మీ అత్తయ్య